పాత ఫ్యామిలీ వ్యానుకి ఆయిల్ ఎన్నాళ్ళకి మార్చాలి? ఒకే ప్రశ్నలో ఇరుక్కున్న రెండు ప్రశ్నలు

అద్దం మూలన అంటించిన స్టిక్కరు 5,000 కిలోమీటర్లకి రమ్మంటుంది. గ్లవ్ బాక్సులో మూలుగుతున్న మాన్యువల్ 10,000 అంటుంది. ఆయిల్ డబ్బా మీద 20,000 దాకా ఢోకా లేదని రాసి ఉంటుంది. ఇన్నేళ్ళుగా బండి చూస్తున్న మెకానిక్ మాత్రం "పాత బండి సార్, మూడు వేలు దాటనివ్వకండి" అంటాడు. ఈ నలుగురిలో అబద్ధమాడేవాళ్ళు ఎవరూ లేరు. ఒక్కొక్కరూ ఒక్కో బండిని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. చిక్కంతా ఆ బండి మీది కాకపోవడంలోనే ఉంది.

ఇక్కడ మాట్లాడుకునేది ఏడుగురు కూర్చునే పాత ఫ్యామిలీ వ్యాను గురించి. పదిహేనేళ్ళు నిండి, రెండు లక్షల కిలోమీటర్లకి అటూ ఇటూగా తిరిగి, ఇప్పటికీ పిల్లల్ని బడికీ పెద్దల్ని ఆసుపత్రికీ మోస్తున్న బండి. దాని విషయంలో ‘ఆయిల్ ఎన్నాళ్ళకి మార్చాలి’ అనే ప్రశ్నలో నిజానికి రెండున్నాయి. లోపలున్న ఆయిల్ ఎంత పాతబడింది అన్నది మొదటిది. అసలు లోపల ఎంత ఆయిల్ మిగిలింది అన్నది రెండోది. కొత్త బండిలో రెండో ప్రశ్న దాదాపు రాదు. అందుకే మాన్యువళ్ళూ స్టిక్కర్లూ మొదటిదాని చుట్టూనే తిరుగుతాయి. పాత బండికి గండం ఎక్కువగా రెండోదాంతోనే వస్తుంది.

ఇంజన్లో ఆయిల్ చేసే ఉద్యోగాలు

కదిలే లోహాలు నేరుగా రాసుకోకుండా మధ్యలో సన్నటి పొరగా నిలబడటం ఆయిల్ మొదటి పని. అందరికీ తెలిసినది ఇదొక్కటే. దీంతోపాటు పిస్టన్ అడుగు నుంచి వేడిని లాక్కుపోతుంది. పిస్టన్ రింగులకీ సిలిండర్ గోడకీ మధ్య సందు మూస్తుంది. మసిని తనలో కలుపుకుని మోస్తుంది, తుప్పు పట్టనివ్వదు. పాతికేళ్ళుగా వస్తున్న చాలా ఇంజన్లలో దీనికి ఇంకో బాధ్యత కూడా ఉంది. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో మార్చే యంత్రాంగం ఆయిల్ ప్రెషరుతోనే కదులుతుంది. చాలా ఇంజన్లలో వాల్వులని సమయానికి కదిలించే టైమింగ్ చైను బిగుతు పట్టే టెన్షనరుదీ అదే దారి. పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమని చప్పుడొచ్చి ఆగిపోతుంటే, టెన్షనరుకి ఆయిల్ ఆలస్యంగా అందుతోందేమోనని అనుమానించాల్సిందే.

డబ్బాలో ఉన్నదంతా నూనె అనుకోవద్దు. ఎక్కువ భాగం బేస్ ఆయిల్, మిగతాది అడిటివ్‌లు అనే రసాయనాలు. మసిని ఉండకట్టనివ్వనివి కొన్ని, ఆమ్లాలను విరిచేవి కొన్ని, ఒత్తిడిలో లోహం మీద రక్షణ పొర కట్టే జింకు-భాస్వరం సమ్మేళనం ఒకటి, నురుగు రాకుండా చూసేవి, వేడెక్కినా మరీ పలచబడకుండా పట్టి ఉంచే పాలిమర్లు. బేస్ ఆయిల్ ఇంకా బాగానే ఉండగానే ముందు అయిపోయేవి ఇవే.

ఆయిల్ పాడవడం అంటే ఏమిటి

చాలామంది దృష్టిలో ఆయిల్ పాడైందనడానికి సాక్ష్యం రంగు. ఆయిల్ మట్టం చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్ మీద నల్లగా కనిపిస్తే మార్చేయాలి, తేనెరంగులో ఉంటే ఇంకా ఉంచొచ్చు. ఈ లెక్క నమ్మదగ్గది కాదు. మసిని పట్టి తనలో కలుపుకోవడమే ఆయిల్ పని కాబట్టి, నల్లబడటమంటే ఆ పని జరుగుతోందని అర్థం. డీజిల్ ఇంజన్లో అయితే కొత్తగా పోసిన ఆయిల్ కొద్ది కిలోమీటర్లకే నల్లబడుతుంది. తిరగేసి చూస్తే, రంగు మారని ఆయిల్లో కూడా అడిటివ్‌లు చచ్చిపోయి ఉండొచ్చు. కంటికి కనిపించే రంగుల్లో నిజంగా భయపడాల్సింది ఒక్కటే. బురదనీళ్ళలా లేత గోధుమరంగులోకి మారి, నురగ తేలితే లోపల నీళ్ళు కలుస్తున్నాయని. అది ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలంట్ లీకు కావచ్చు, లేదా చలికాలంలో చిన్న చిన్న ట్రిప్పుల వల్ల చేరిన తేమ కావచ్చు. మూత అడుగున మాత్రమే కొంచెం పేరుకుంటే సాధారణంగా తేమే. డిప్‌స్టిక్ మీద కూడా అలాగే ఉండి, కూలంట్ డబ్బాలో మట్టం తగ్గుతుంటే సంగతి వేరు.

నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయనే ప్రశ్న కొంచెం ఆగి చూడదగ్గది. పెట్రోల్లో హైడ్రోజన్ ఉంటుంది, అది మండితే నీటి ఆవిరి పుడుతుంది. లెక్క వేస్తే ఒక లీటరు పెట్రోలు మండినప్పుడు పుట్టే నీరు కూడా దాదాపు ఒక లీటరే. అందులో అధిక భాగం సైలెన్సర్ గుండా పోతుంది. కొంత మాత్రం రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉన్న చాంబర్‌లోకి దిగుతుంది. దాంతోపాటు పూర్తిగా మండని పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా దిగుతాయి. ఆయిల్ బాగా వేడెక్కితే నీరూ పెట్రోలూ ఆవిరై పోతాయి. వేడెక్కకముందే ఇంజన్ ఆపేస్తే అక్కడే ఉండిపోయి ఆమ్లంగా మారతాయి, ఆయిల్‌ని పలచబరుస్తాయి. డాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు మధ్యకి రాగానే ఆయిల్ కూడా వేడెక్కిందని అనుకుంటాం. ఆ ముల్లు చూపేది కూలంట్ వేడిని. ఆయిల్ దాని వెనకాలే నిదానంగా, ఇంకో పది నిమిషాలు వెనకబడి వస్తుంది.

రెండో శత్రువు వేడి. ఎక్కువ వేడిలో ఆయిల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చిక్కబడుతుంది, జిగురు కడుతుంది. ఏడుగురిని, సామాన్లని ఎక్కించుకుని, ఏసీ ఆన్ చేసి, ఘాట్ రోడ్డు ఎక్కే వ్యానులో ఈ వేడి ఎక్కువ. మూడోది పాలిమర్లు తెగిపోవడం. గేర్లూ బేరింగుల మధ్య నలిగి నలిగి ఆ పొడుగాటి అణువులు ముక్కలవుతాయి, ఆయిల్ తన గ్రేడు కంటే పలచబడుతుంది. నాలుగోది గాలి ఫిల్టరు దాటొచ్చే దుమ్ము. గాలి ఫిల్టరు పట్టించుకోకుండా ఆయిల్ మాత్రం తెగ మార్చేవాళ్ళను చూస్తే నాకు ఆశ్చర్యమే.

కిలోమీటర్లు అబద్ధమాడే చోటు

రెండు వ్యాన్లు ఊహించుకోండి, ఒకే మోడలు, ఒకే వయసు. మొదటిది బడి చుట్టూ తిరిగేది: ట్రిప్పుకి 3 కిలోమీటర్లు, రోజుకి నాలుగు ట్రిప్పులు, నెలకి 25 రోజులు. నెలకి 300, ఆరు నెలలకి 1,800 కిలోమీటర్లు. స్టార్టులు మాత్రం 600. రెండోది ఉద్యోగానికి హైవే మీద పోయేది: పోను 60, రాను 60, అదే 25 రోజులు. ఆరు నెలల్లో 18,000 కిలోమీటర్లు, స్టార్టులు 300.

ఇద్దరూ 5,000 కిలోమీటర్ల నియమం పాటించారనుకుందాం. రెండో వ్యాను ఆ 5,000కి దాదాపు 83 సార్లు స్టార్టవుతుంది, ప్రతిసారీ ఆయిల్ పూర్తిగా వేడెక్కుతుంది. మొదటి వ్యాను అదే 5,000 కోసం 1,660 పైచిలుకు సార్లు చల్లగా స్టార్టవుతుంది, దాదాపు ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు. పైగా అక్కడికి చేరడానికి దానికి ఏడాదికి పైగా పడుతుంది. కాగితం మీద సమానంగా కనిపించే ఈ రెంటిలో ఒక ఆయిల్ ఇంకా చాలారోజులు పనికొస్తుంది, మరొకటి ఎప్పుడో నీరసించిపోయి ఉంటుంది.

ట్రాక్టర్లకీ జనరేటర్లకీ ఆయిల్ మార్చేది గంటల లెక్కన. ఆ కళ్ళతో కారుని చూస్తే కొంత స్పష్టత వస్తుంది. సగటున గంటకి 20 కిలోమీటర్ల వేగంతో ట్రాఫిక్‌లో ఈదే బండికి 5,000 కిలోమీటర్లంటే 250 గంటల పని. సగటు 60 పడే బండికి అదే 250 గంటలంటే 15,000 కిలోమీటర్లు. సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నప్పుడు ఓడోమీటరు కదలదు, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

మాన్యువల్ 10,000 అంటుందని చెప్పేవాళ్ళు సాధారణంగా పక్క పేజీ చూడరు. అక్కడ ‘సివియర్’ (కఠినమైన) వాడకం అనే పట్టిక ఉంటుంది: చిన్న ట్రిప్పులు, ఎక్కువసేపు ఐడ్లింగ్ (బండి కదలకుండా ఇంజన్ తిరగడం), దుమ్ము, విపరీతమైన ఎండ లేదా చలి, బరువులు లాగడం. వీటిలో ఏదైనా వర్తిస్తే గడువు చాలా మాన్యువళ్ళలో సుమారు సగానికి పడిపోతుంది. బండి కొన్న ప్రతివాడూ తనది మామూలు వాడకమే అనుకుంటాడు. ఆ పట్టికని నిదానంగా చదివితే సగటు కుటుంబం వ్యాను వాడే తీరు చాలావరకు అందులోనే కనిపిస్తుంది.

3,000 మైళ్ళ లెక్క, శాతం చూపే మీటరు

మూడు వేల మాటకి మూలం అమెరికాలో ఉంది. అక్కడ 3,000 మైళ్ళు, అంటే సుమారు 4,800 కిలోమీటర్లు, దశాబ్దాల పాటు వేదవాక్కులా చెలామణి అయింది. కార్బురేటర్లు పెట్రోలుని ఎక్కువగా పోసే రోజుల్లో, అప్పటి ఆయిళ్ళకి ఆ లెక్క సబబే. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక, ఆయిళ్ళు మెరుగుపడ్డాక అంత తొందరగా మార్చాల్సిన అవసరం చాలా బండ్లకి పోయింది. మాట మాత్రం మిగిలింది. మైళ్ళని కిలోమీటర్లుగా చదివేసుకున్నవాళ్ళు దాన్ని ఇంకా కుదించారు. తొందరగా మార్చితే ఇంజన్‌కి నష్టం లేదు, డబ్బూ ఆయిలూ దండగ. మార్చేవాళ్ళకి వ్యాపారం పెరుగుతుందన్నదీ నిజమే. అంతమాత్రాన వాళ్ళ సలహా ప్రతి బండికీ తప్పని చెప్పలేం. పైన చెప్పిన బడి వ్యానుకి ఆ లెక్క ఇప్పటికీ దగ్గరగానే ఉంటుంది.

1980ల చివర్లో జనరల్ మోటార్స్ ఆయిల్ జీవితాన్ని అంచనా వేసే మీటరు తెచ్చింది. తర్వాత మిగతా కంపెనీలూ ఆ దారి పట్టాయి. డాష్‌బోర్డు మీద 40 శాతం, 15 శాతం అని కనిపించేది అదే. అది చాలా బండ్లలో ఆయిల్‌ని ముట్టుకుని పరీక్షించదు. ఇంజన్ ఎన్నిసార్లు తిరిగింది, ఎంత వేడిలో తిరిగింది, ఎన్ని చల్లటి స్టార్టులు పడ్డాయి అని లెక్కేసి చెబుతుంది. స్టిక్కరు కంటే ఇది మెరుగైన సలహాదారు అనడంలో నాకు సందేహం లేదు. కానీ దానికి తెలియనిది ఒకటుంది. చాంబర్‌లో ఆయిల్ రెండు లీటర్లు తగ్గిపోయినా అది 40 శాతం అని నిబ్బరంగా చూపిస్తూనే ఉంటుంది.

పాత ఇంజన్ ఆయిల్ తాగడం

ఇక రెండో ప్రశ్న. పాత ఇంజన్లో ఆయిల్ రెండు దారుల్లో పోతుంది. గ్యాస్కెట్లూ సీళ్ళూ గట్టిపడి బయటికి కారడం ఒకటి, ఇది నేల మీద మరకగా పట్టుబడుతుంది. రెండోది లోపలే కాలిపోవడం, ఇది మరక వదలదు. రింగులు మడ్డిలో ఇరుక్కుని గోడని సరిగా గీకకపోతే ఆయిల్ పైకెక్కి మండుతుంది. వాల్వు సీళ్ళు ఎండిపోతే పైనుంచి దిగుతుంది. చాంబర్‌లో పుట్టే ఆవిర్లని తిరిగి ఇంజన్‌లోకి పంపే పీసీవీ వాల్వు మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ దొరికిన దారినల్లా పోతుంది. ఈ వాల్వు చిన్నదీ చవకదీ. రింగులు పోయాయని తేల్చేముందు దీన్ని చూడకపోవడం నేను తరచూ గమనించిన పొరపాటు.

పొగ రాలేదు కాబట్టి కాలడం లేదు అనే ధీమా పనికిరాదు. ఆ నీలి పొగని సైలెన్సర్ దారిలో పొగని శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్ చాలావరకు మింగేస్తుంది, మింగి మింగి తనే పాడవుతుంది. ఆయిల్లోని భాస్వరం దానికి విషం. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్టులో ఒక్కసారి నీలంగా వదిలి ఆగితే చూపు వాల్వు సీళ్ళ మీదికి పోవాలి. ఎక్సలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తే రింగుల మీదికి.

ఇప్పుడు లెక్క. మన వ్యానులో 4.5 లీటర్లు పడుతుందనుకుందాం. ప్రతి 2,500 కిలోమీటర్లకి ఒక లీటరు తాగుతోంది. ఇదేమీ భయంకరమైన సంఖ్య కాదు, 1,000 కిలోమీటర్లకి ఒక లీటరు వరకు పోవచ్చని రాసిన మాన్యువళ్ళు కూడా ఉన్నాయి. యజమాని బుద్ధిమంతుడు, మంచి సింథటిక్ పోసి, చెప్పిన ప్రకారం 8,000కి మార్చడానికి వెళ్తాడు. మధ్యలో బానెట్ ఎత్తడు. 2,500 దగ్గర డిప్‌స్టిక్ కింది గీత దగ్గరికి వచ్చేస్తుంది. 5,000 దగ్గర రెండు లీటర్లు తక్కువ, మలుపు తిరిగినప్పుడు ఆయిల్ ఒక పక్కకి ఒరిగి పంపు గాలి పీల్చే అవకాశం మొదలవుతుంది. 8,000కి 3.2 లీటర్లు పోయి 1.3 మిగులుతుంది. అక్కడిదాకా ఇంజన్ బతికి ఉంటే. సర్వీసు రికార్డులో మాత్రం ఒక్క తేదీ కూడా తప్పిపోలేదు.

పక్కింటి వ్యాను కూడా అంతే తాగుతుంది. కానీ దాని యజమానురాలు పెట్రోలు పోయించిన రెండోసారి, మూడోసారికి ఒకసారి డిప్‌స్టిక్ చూసి తగ్గినంత పోస్తుంది. మామూలు ఆయిలే, అదీ కొంచెం ఆలస్యంగా మారుస్తుంది. ఈ రెండింటిలో ఏ ఇంజన్ ఎక్కువకాలం నడుస్తుందో చెప్పడానికి జాతకం చూడక్కర్లేదు.

ఇక్కడ ఒక వాదన వినిపిస్తుంది. ఎలాగూ ఎప్పటికప్పుడు కొత్త ఆయిల్ పోస్తున్నాం, ఇక పాతది తీసి పారబోయడం ఎందుకు? దీంట్లో కొంత నిజముంది. పై లెక్కలో 8,000లోపు 3.2 లీటర్ల కొత్త ఆయిల్ పడుతుంది, దాంతోపాటు కొత్త అడిటివ్‌లూ వస్తాయి. మీద పోసినంత మాత్రాన ఫిల్టరు మారదు. అడుగున చేరిన మసి, లోహపు రజను, దుమ్ము బయటికి పోవు. పైగా రింగుల గాడుల్లో మడ్డి పేరుకోవడానికి ఒక కారణం ఆలస్యమైన ఆయిల్ మార్పులే. మడ్డి చేరితే తాగడం పెరుగుతుంది. ఆయిల్ తగ్గితే మిగిలినది ఇంకా వేడెక్కి ఇంకా మడ్డి చేస్తుంది.

మోడలుకి సంబంధించిన సంగతులూ ఉంటాయి. హోండా ఒడిస్సీ వ్యానులో 2005 నుంచి కొన్ని రకాలకి, అవసరం లేనప్పుడు కొన్ని సిలిండర్లని పనిమాన్పించే ఏర్పాటు వచ్చింది. 2008-2013 మధ్య ఆ ఏర్పాటున్న ఒడిస్సీలు ఎక్కువ ఆయిల్ కాల్చి స్పార్క్ ప్లగ్గులు పాడుచేస్తున్నాయని అమెరికాలో దావా పడి, 2013లో కంపెనీ వారంటీ పొడిగించే ఒప్పందానికి వచ్చింది. అలాంటి బండి సెకండ్ హ్యాండులో కొన్నవాళ్ళు దాని ఆకలి తమ డ్రైవింగ్ తప్పనుకోనక్కర్లేదు.

మడ్డి కడితే తప్పెవరిది

ఆయిల్ చిక్కటి నల్లటి జిగురుగా మారి వాల్వు కవర్ కింద పేరుకోవడాన్ని ఇంగ్లీషులో స్లడ్జ్ అంటారు, మనకి మడ్డి అన్నమాటే చక్కగా సరిపోతుంది. దీని మీద పెద్ద రగడ 2002 ప్రాంతంలో టొయోటా ఇంజన్ల చుట్టూ జరిగింది. 1997-2002 మోడళ్ళలోని 3.0 లీటర్ల వీ6, 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్లలో మడ్డి ఫిర్యాదులు వచ్చాయి. ఆ జాబితాలో సియన్నా వ్యాను కూడా ఉంది. ఆయిల్ సరిగా మార్చకపోవడమే కారణమని కంపెనీ మొదట అంది. రసీదులు చేతబట్టుకున్న యజమానులు ఒప్పుకోలేదు. చివరికి సుమారు 33 లక్షల బండ్లకి ఎనిమిదేళ్ళ వరకు మడ్డి మరమ్మతుల బాధ్యతని కంపెనీ తీసుకుంది.

ఈ ఉదంతం రెండు పక్షాలకీ ఉపయోగపడుతుంది. గడువులు మీరితే మడ్డి ఖాయమనేవాళ్ళు దీన్నే చూపిస్తారు, ఇంజన్ డిజైన్ తప్పుంటే ఎంత మార్చినా లాభం లేదనేవాళ్ళూ దీన్నే చూపిస్తారు. నాకు తోచేదేమంటే, కొన్ని ఇంజన్లు ఆలస్యాన్ని క్షమిస్తాయి, కొన్ని క్షమించవు. మీ వ్యాను క్షమించని జాతిదైతే ఇరుగుపొరుగు అనుభవం మీకు పనికిరాదు.

డబ్బా మీది అంకెలు

5డబ్ల్యూ-30 అన్నప్పుడు డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందు అంకె చలిలో ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది, తగ్గేకొద్దీ మేలు. 5డబ్ల్యూని మైనస్ 30 డిగ్రీల దగ్గర, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర పరీక్షిస్తారు. వెనక అంకె ఇంజన్ వేడిలో ఉన్నప్పటి చిక్కదనం. 100 డిగ్రీల దగ్గర 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్‌ల (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) లోపు ఉంటే 20 గ్రేడు, 9.3 నుంచి 12.5 లోపు ఉంటే 30, అక్కడి నుంచి 16.3 లోపు 40. ఇవి గీతలే తప్ప గోడలు కావు. 20లో చిక్కటిది, 30లో పలచటిది పక్కపక్కనే ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు 5డబ్ల్యూ-30 ఐదు గ్రేడు ఆయిల్లా పలచగా ఉంటుందని కొందరు అనుకుంటారు. చలిలో అది వేడిలో కన్నా ఎన్నో రెట్లు చిక్కగానే ఉంటుంది, 30 గ్రేడు ఒక్కటే రాసినదాని కంటే తక్కువ చిక్కగా ఉంటుంది, అంతవరకే.

డబ్బా మీది ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ముద్రలో ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజన్లకి, సీతో మొదలయ్యేవి డీజిల్‌కి. ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. మీ మాన్యువల్ పాతదై ఎస్‌ఎమ్ అని రాసి ఉంటే, అదే గ్రేడులో ఎస్‌పీ నిశ్చింతగా పోయొచ్చు. సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టరున్న డీజిల్ బండైతే మాత్రం తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్ తప్పనిసరి.

వయసు మీద పడ్డాక చిక్కటి ఆయిల్ పోయాలా

ఇది ఎప్పటికీ తెగని తగువు. చిక్కటిది పోయమనేవాళ్ళ వాదన ఇది: అరిగిన బేరింగుల్లో సందు పెరిగింది, చిక్కటి ఆయిల్ అయితే పొర నిలుస్తుంది, ప్రెషర్ పెరుగుతుంది, రింగుల్లోంచి తక్కువ దూరుతుంది. పలచటి గ్రేడులు ఇంజన్ మేలు కోసం కన్నా మైలేజీ నిబంధనల కోసం వచ్చాయని కూడా వాళ్ళంటారు. ఇందులో పస ఉంది, ఎందుకంటే అదే ఇంజన్‌కి వేర్వేరు దేశాల మాన్యువళ్ళలో వేర్వేరు గ్రేడులు రాసిన సందర్భాలున్నాయి.

వద్దనేవాళ్ళు అడిగేది: ప్రెషర్ ఎక్కువ చూపినంత మాత్రాన ప్రవాహం ఎక్కువని అర్థమా? చిక్కటి ఆయిల్ చల్లటి స్టార్టులో ఆలస్యంగా చేరుతుంది. వాల్వు టైమింగ్ యంత్రాంగం సన్నటి దారుల్లో ఆయిల్ కదలిక మీద ఆధారపడింది, దానికి తేడా చేస్తుంది. పైగా తాగే జబ్బుకి మూలం పీసీవీ వాల్వో సీలో అయితే చిక్కదనం రోగాన్ని దాచుతుంది. ఒక మెట్టు మారడం, ఉదాహరణకి 5డబ్ల్యూ-20 నుంచి 5డబ్ల్యూ-30కి, మాన్యువల్ పట్టికలో ఉంటే పెద్ద రిస్కు కాదు. 20డబ్ల్యూ-50 లాంటి దూకుడు నొప్పి మరవడానికి తీసుకునే మత్తుమందు లాంటిది. బండి అమ్మేవాడు అది పోసి తెస్తే అనుమానపడండి.

సింథటిక్ పోస్తే పాత బండి కారుతుందన్న భయం 1970ల నాటిది. తొలి సింథటిక్‌లు రబ్బరు సీళ్ళని కొంచెం కుదించేవి, తర్వాత ఆ లోపం సరిచేశారు. నేడు ఎక్కడైనా కారడం మొదలైతే, అప్పటిదాకా మడ్డి మూసి ఉంచిన చిల్లు బయటపడిందనే సంభావ్యత ఎక్కువ. ‘సింథటిక్’ అన్న పేరు కూడా 1999 నుంచి కొంత సాగింది. బాగా శుద్ధి చేసిన ఖనిజ నూనెనీ అలా పిలవొచ్చని అమెరికా ప్రకటనల పర్యవేక్షణ సంస్థ తీర్పు ఇచ్చింది. ‘హై మైలేజ్’ అని రాసిన ఆయిళ్ళలో సీళ్ళని మెత్తబరిచే పదార్థాలు కలుపుతారు. చెమ్మగిల్లే లీకులకి ఇవి కొంత పనిచేస్తాయి. చిరిగిన సీలుకి పనిచేయవు.

ఇంజన్ ఫ్లష్ విషయంలో నేను వెనకాడేవాళ్ళ పక్షం. శుభ్రంగా ఉన్న ఇంజన్‌కి అది అక్కర్లేదు. మడ్డి నిండిన ఇంజన్లో ఒక్కసారిగా ఊడిన ముక్కలు ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డుపడితే ప్రెషర్ పడిపోతుంది. మంచి ఆయిల్‌తో రెండు మూడు విడతలు తక్కువ గడువుల్లో మార్చి, ప్రతిసారీ ఫిల్టరు మార్చడం నిదానమైన దారి. ఫ్లష్‌తో బాగుపడిన బండ్లూ లేకపోలేదు.

ఫిల్టరు దగ్గర జరిగే ఒక చిన్న దారుణం

చాలా ఆయిల్ ఫిల్టర్ల లోపల రెండు వాల్వులుంటాయని చాలామందికి తెలియదు. ఇంజన్ ఆపినప్పుడు ఆయిల్ వెనక్కి జారకుండా పట్టేది ఒకటి. ఫిల్టరు మూసుకుపోతే శుద్ధి చేయకుండానే ఆయిల్‌ని దాటించేసేది రెండోది. మురికి ఆయిల్ అయినా సరే, ఆయిల్ లేకపోవడం కంటే నయమన్న తర్కం. అంటే ఫిల్టరు మార్చకుండా ఆయిల్ మాత్రం మార్చడమనేది సగం పని.

తిప్పి బిగించే డబ్బా రకం ఫిల్టరు పైన నల్లటి రబ్బరు రింగు ఉంటుంది. పాత ఫిల్టరు విప్పినప్పుడు ఒక్కోసారి ఆ రింగు ఊడి ఇంజన్ వైపే అతుక్కుని ఉండిపోతుంది. నల్లటి లోహం మీద నల్లటి రబ్బరు, పైగా ఆయిల్ తడి, కింద పడుకుని చూసేవాడికి కనపడదు. దాని మీదే కొత్త ఫిల్టరు బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. బిగింపు గట్టిగానే అనిపిస్తుంది, ఐడ్లింగ్‌లో చుక్క కారదు. హైవే ఎక్కి ప్రెషర్ పెరగ్గానే పై రింగు పక్కకి జారి, నిమిషాల్లో చాంబర్ ఖాళీ అవుతుంది. ఒకసారి మా వ్యాను సర్వీసు నుంచి వచ్చిన మర్నాడు వెనక అద్దంలో రోడ్డు మీద నల్లటి గీత కనిపించి ఆపాను. అప్పటికి ఇంకా దీపం వెలగలేదు, అదృష్టం. పాత ఫిల్టరు చేతికివ్వమని అడిగి, దాని మీద రింగు ఉందో లేదో చూడటం అప్పటి నుంచి నాకు అలవాటైంది.

పాత ఆయిల్ దించడానికి అడుగున విప్పే డ్రెయిన్ బోల్టుది ఇంకో కథ. చాలా చాంబర్లు అల్యూమినియంవి, పదేళ్ళుగా ప్రతి ఒక్కరూ తలా కొంచెం ఎక్కువ బిగించి ఉంటారు. మరలు అరిగిపోవడం పాత బండ్లలో మామూలే. నలిగే వాషర్ని ప్రతిసారీ కొత్తది వేస్తే అంత బలం పెట్టాల్సిన పని ఉండదు.

ఎర్ర దీపం, డిప్‌స్టిక్

నూనె డబ్బా బొమ్మతో ఎర్రగా వెలిగే దీపం చూసి ‘ఆయిల్ మార్చే టైమొచ్చింది’ అనుకుని ఇంటిదాకా నడిపినవాళ్ళున్నారు. అది చెప్పేది ప్రెషర్ లేదని. ఆ క్షణంలో బేరింగులు ఒట్టి లోహం మీద తిరుగుతున్నాయి, పక్కకి ఆపి ఇంజన్ కట్టేయడం తప్ప వేరే దారి లేదు. చాలా పాత వ్యాన్లలో ఆయిల్ మట్టం తగ్గిందని చెప్పే దీపం వేరుగా ఉండదు. ఆ పని డిప్‌స్టిక్‌ది.

డిప్‌స్టిక్ చదవడంలో కూడా పొరపాటుకి చోటుంది. సమతలంగా నిలిపి, ఇంజన్ ఆపి ఐదు పది నిమిషాలు ఆగితే పైకెక్కిన ఆయిల్ కిందికి దిగుతుంది. మొదటిసారి తీసినప్పుడు గొట్టం గోడల మీది ఆయిల్ అంటుకుని ఉంటుంది, అందుకే తుడిచి మళ్ళీ దింపుతారు. అప్పుడు కూడా ఒక వైపు పైన, మరో వైపు కింద చూపిస్తే తక్కువ చూపేదే నమ్మదగ్గది. రెండు గీతల మధ్య దూరం చాలా బండ్లలో సుమారు ఒక లీటరు. పై గీత దాటి పోయడమూ మంచిది కాదు, క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి నురుగు చేస్తుంది, నురుగులో పొర నిలవదు.

నోటుపుస్తకంలో నాలుగు వరసలు

తగ్గడాన్ని చూడటం ఒక ఎత్తు, ఎంత వేగంగా తగ్గుతోందో తెలియడం ఇంకో ఎత్తు. ఒక వ్యాను పుస్తకంలో ఇలా ఉందనుకోండి. ఓడోమీటరు 2,06,000 దగ్గర ఆయిల్, ఫిల్టరు మార్చారు. 2,08,400 దగ్గర అర లీటరు పోశారు. 2,10,300 దగ్గర అర లీటరు. 2,11,500 దగ్గర మళ్ళీ అర లీటరు. మొదటి అర లీటరుకి 2,400 కిలోమీటర్లు పట్టింది, రెండోదానికి 1,900, మూడోదానికి 1,200. మొత్తం 5,500 కిలోమీటర్లకి లీటరున్నర అని సగటు వేస్తే ఏమీ అనిపించదు. విడివిడిగా చూస్తే ఆకలి రెట్టింపయింది.

ఆయిల్ పాతబడి పలచనయ్యేకొద్దీ కొంచెం ఎక్కువ కాలడం సహజం, కాబట్టి ఇది ఆ ఆయిల్ గడువు ముగుస్తోందని కూడా కావచ్చు. తేల్చుకోవడానికి ఒక మార్గం: ఇప్పుడే మార్చి, పీసీవీ వాల్వు కూడా కొత్తది వేసి, మళ్ళీ మొదటి అర లీటరుకి ఎన్ని కిలోమీటర్లు పడతాయో చూడటం. 2,400కి తిరిగొస్తే ఈ వ్యానుకి తగిన గడువు 5,000 లోపే అని ఆ పుస్తకమే చెప్పినట్టు. కొత్త ఆయిల్‌తో కూడా 1,200 దగ్గరే ఆగితే అది ఆయిల్ గడువుకి సంబంధించిన విషయం కాదు, సిలిండర్ల కంప్రెషన్ చూపించాల్సిన విషయం.